ఎక్కడం నేర్చుకుని వెళ్ళాను

మాది తిరుపతి. కొండ అనగానే నాకు గుర్తొచ్చేది అలిపిరి దారే. ఆరేళ్ళుగా ప్రతి శనివారం తెల్లవారకముందే పాదాల మండపం దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కడం, తిరుమలలో వేడిగా ఒక కాఫీ తాగడం, బస్సెక్కి ఎనిమిదింటికల్లా ఇంటికి చేరడం నా అలవాటు. గాలిగోపురం దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళగలనని, మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా పరుగు మానననీ కాస్త గర్వం ఉండేది. ఆ గర్వమే నన్ను లద్దాఖ్ దాకా తీసుకెళ్ళింది.

2012లో మొదలైన లద్దాఖ్ మారథాన్‌లో ఖార్దుంగ్ లా ఛాలెంజ్ అని ఒక పరుగు ఉంది. దూరం 72 కిలోమీటర్లు. సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఖార్దుంగ్ గ్రామంలో తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరి, 32 కిలోమీటర్లు ఎక్కి 5,359 మీటర్ల ఎత్తున్న ఖార్దుంగ్ లా కనుమ దాటి, మరో నలభై కిలోమీటర్లు దిగి లేహ్ చేరాలి. గడువు పద్నాలుగు గంటలు. లద్దాఖీ భాషలో ‘లా’ అంటే కనుమే. కాబట్టి ‘ఖార్దుంగ్ లా కనుమ’ అనడం ‘గేటు తలుపు’ అనడం లాంటిదే. అలవాటైపోయింది, క్షమించండి.

పరుగుకు పది రోజుల ముందే లేహ్ చేరాను. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నర కూడా గడవకముందే మూడున్నర వేల మీటర్ల ఎత్తున దిగడమంటే, మెట్టు మెట్టుగా ఎక్కాల్సిన కొండను లిఫ్టులో ఎక్కడమే. నేను దిగిన ఇంట్లో నా గది మేడ మీద. పెట్టె పట్టుకుని పద్నాలుగు మెట్లు ఎక్కేసరికి మంచం మీద కూలబడ్డాను. 3,550 మెట్ల వీరుడి పరిస్థితి అది.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు వెంట తెచ్చుకున్నాను. వేలికి పెట్టుకుంటే రక్తంలో ఆక్సిజన్ 84 శాతమని చూపించింది. అదే అంకె తిరుపతిలో కనబడితే ఇంట్లోవాళ్ళు అంబులెన్సుకు ఫోను చేసేవారు. టీ తెచ్చిన ఇంటావిడ ఆసక్తిగా చూస్తుంటే ఆమె వేలికీ పెట్టాను. 91. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. అప్పుడే పెరట్లోంచి నీళ్ళ బిందె మోసుకొచ్చారు. ఆమెను అందరూ ‘ఆమా లే’ అంటారు. ఆమా అంటే అమ్మ, లే అంటే మన ‘గారు’. అమ్మగారు అన్నమాట. ఆ పిలుపు నోటికి రావడానికి ఒక పూట కూడా పట్టలేదు.

ఆమా లే రక్తంలో ఏముందో శాస్త్రవేత్తలు కొంతవరకు కనిపెట్టారు. టిబెట్ పీఠభూమి ప్రజల్లో ఈపీఏఎస్1 అనే జన్యువు ప్రత్యేక రూపంలో ఉంటుంది. కొండ ఎక్కిన మైదానవాసికి ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడితే, వాళ్ళకు ఆ చిక్కదనం రాకుండానే ఒళ్ళు నెగ్గుకొస్తుంది. ఎప్పుడో అంతరించిపోయిన డెనిసోవన్ అనే మానవజాతి నుంచి ఆ జన్యురూపం సంక్రమించిందని 2014లో తేలింది. లద్దాఖీలకు టిబెటన్లతో దగ్గరి చుట్టరికం. ఈ పరుగులో ముందు వరుసలో సాధారణంగా స్థానికులు, లద్దాఖ్ స్కౌట్స్ జవాన్లు ఎందుకు ఉంటారో ఇందులో కొంత కనిపిస్తుంది. మిగతాది బడికి కూడా కొండ దిగి, కొండ ఎక్కి వెళ్ళిన బాల్యం. మనలాంటి వాళ్ళం వాళ్ళతో పోటీ పడటానికి రాము, గడువుతో పోటీ పడటానికి వస్తాం.

మొదటి మూడు రాత్రులూ నిద్ర లేదు. సరిగ్గా కునుకు పట్టే వేళకు ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టయి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఎత్తైన చోట ఆక్సిజన్ తగ్గిందని శరీరం వేగంగా ఊపిరి పీలుస్తుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోగానే మెదడు ‘ఇక ఊపిరి అక్కర్లేదు’ అనుకుని కొన్ని క్షణాలు ఆపేస్తుంది, మళ్ళీ కంగారుపడి పీలుస్తుంది. రాత్రంతా ఈ తగవే. మూత్రపిండాలు బైకార్బనేటును బయటికి పంపి తగవు తీర్చడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ పనిని త్వరపెట్టేదే డయామాక్స్ మాత్ర. వైద్యుడి సలహాతో వేసుకున్నాను. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, సోడా తాగితే గ్యాసు పోయిన చప్పటి నీళ్ళలా అనిపించింది. అదీ ఆ మందు లక్షణమేనట.

పది రోజుల్లో రక్తం పెరిగిపోతుందని చాలామంది రన్నర్లు నమ్ముతారు. కొత్త ఎర్రకణాలు చెప్పుకోదగ్గంతగా తయారు కావడానికి వారాలు పడుతుంది. పది రోజుల్లో మనకు దక్కేది ఊపిరి సర్దుబాటు, కాస్త నిద్ర, కాస్త ఆకలి. రక్తం చిక్కబడ్డట్టు పరీక్షలో కనిపించేది ఎక్కువగా అందులోని నీరు తగ్గడం వల్లే. అందుకే ఆ పది రోజులూ పరుగు కన్నా ఓపిక ముఖ్యం. నాకు అదే లేదు. మూడో రోజునే శాంతిస్తూపం మెట్ల మీద పరుగెత్తబోయి, సగంలో కళ్ళ ముందు మిణుగురులు తిరిగి కూర్చుండిపోయాను.

“తమ్ముడూ, తెలుగువాళ్ళేనా?” అని వెనక నుంచి వినిపించింది. నా చొక్కా మీద తిరుపతిలో జరిగిన ఒక పరుగు పేరు తెలుగులో ఉంది. యాభై దాటిన ఆవిడ, సొంతూరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, ఈ పరుగుకు రావడం రెండోసారి. “మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతోనే పో. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే” అన్నారు. అప్పటి నుంచి రోజూ ఆవిడ వెంటే నడక. మాటకు మాత్రం లోటుండేది కాదు. ఎనిమిదో రోజుకు నా వేలు 90 చూపించింది.

పరుగుకు ముందురోజు మమ్మల్ని ఖార్దుంగ్ గ్రామానికి తీసుకెళ్ళి ఊళ్ళో ఇళ్ళలో ఉంచారు. మధ్యాహ్నమే అన్నం, పప్పు తిని ఏడింటికి పడుకున్నాం. ఎవరూ నిద్రపోలేదు. పదిమంది ఒకే గదిలో నిద్ర నటించడం ఎంత శబ్దంతో కూడిన పనో అక్కడ తెలిసింది.

మూడు గంటలకు చలి సున్నా కిందే ఉంది. తలలకు కట్టుకున్న దీపాలు మలుపుల వెంట దండలా సాగాయి. వాలు నిజానికి పెద్దది కాదు. 32 కిలోమీటర్లలో పద్నాలుగు వందల మీటర్ల లోపే, అంటే వంద మీటర్లకు నాలుగు మీటర్ల పైచిలుకు. అలిపిరి మెట్ల ముందు ఇది బల్లపరుపు. పరుగెత్తాలని కాళ్ళు తహతహలాడతాయి, ఊపిరి ఒప్పుకోదు. ఆ ఎత్తున మన గరిష్ఠ సామర్థ్యంలో సుమారు మూడో వంతు ముందే పోయి ఉంటుంది. మిగిలినదాంట్లోనే దుబారా చేయకుండా గడపాలి. నేను గడిపాను. అక్క మాట గుర్తుపెట్టుకుని ఏడుకొండలవాడి గోవిందనామాలు పైకే చదువుకుంటూ, నామం మధ్యలో తెగితే వేగం తగ్గిస్తూ వెళ్ళాను. పక్కన పంజాబీ కుర్రాడు ఒకడు కాసేపటికి తనూ “గోవిందా” అందుకున్నాడు.

తిండి దగ్గర మాత్రం నవ్వుల పాలయ్యాను. జేబులో శ్రీవారి లడ్డు పెట్టుకున్నాను. కనుమకు ఇవతలి చెక్‌పోస్టు నార్త్ పుల్లు దాటాక బయటికి తీస్తే నెయ్యి గడ్డకట్టి రాయిలా ఉంది. పళ్ళతో కొరికితే ముక్కు దగ్గర జీడిపప్పు ఒకటి ఎగిరిపోయింది. అయినా ఆ ఎత్తున నెయ్యి సరైన ఇంధనం కాదు. ఒకే కొలత ఆక్సిజన్‌తో కొవ్వు కన్నా పిండిపదార్థం ఎక్కువ శక్తినిస్తుంది, పైగా కడుపు కూడా కొవ్వును భరించదు. ఆకలి చచ్చిపోయి, తీపి చూస్తేనే వికారం పుట్టింది. గుడారంలో ఇచ్చిన ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప, వేడి సూపు మాత్రం లోపలికి దిగాయి. లడ్డు కళ్ళకద్దుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

తొమ్మిది గంటల నలభై నిమిషాలకు కనుమ మీద ఉన్నాను. ప్రార్థనా పతాకాలు టపటపలాడుతున్నాయి. ఎత్తు 18,380 అడుగులని ఎన్నో ఏళ్ళు పలక మీద రాసి ఉన్న చోటు అది. ఆధునిక కొలతల్లో తేలింది 17,582. ఎనిమిది వందల అడుగులు తగ్గినా నా ఆయాసం ఏమీ తగ్గలేదు. సముద్రమట్టంతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి సగం కన్నా కొంచెం ఎక్కువ. అక్కడ ఎక్కువసేపు నిలవనివ్వరు. నేనూ నిలవలేదు. మనసులో లెక్క వేసుకున్నాను: ఎక్కడానికి ఆరు గంటల నలభై నిమిషాలు, నలభై కిలోమీటర్ల దిగుడు ఐదు గంటల్లో అయిపోతుంది, మధ్యాహ్నం భోజనం లేహ్‌లో.

మొదటి పది కిలోమీటర్లు నిజంగానే ఎగిరాను. దిగేకొద్దీ గాలి చిక్కబడుతోంది, ఎండ వెచ్చగా ఉంది, ఊపిరి తిత్తుల నిండా వస్తోంది. లేహ్ వైపున్న చెక్‌పోస్టు సౌత్ పుల్లు చేరకముందే తొడల్లో ఏదో తేడా తెలిసింది. మొదట మంట అనుకున్నాను. కాదు, వణుకు. అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి పైభాగం జెల్లీలా అదిరేది. సౌత్ పుల్లు దాటాక ఆ అదురు కాస్తా లొంగుబాటుగా మారింది. కాలు మోపితే మోకాలు నా అనుమతి లేకుండానే వంగిపోతోంది. ఊపిరికి ఏ ఇబ్బందీ లేదు, గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది, నామాలు గుక్కతిప్పుకోకుండా చదవగలను. కాళ్ళు మాత్రం నావి కావు. రోడ్డు అంచున ఉన్న రాయి మీద కూర్చుని రెండు అరచేతులతో తొడలు నొక్కితే, ఎండిన బట్ట పిండినట్టు గట్టిగా తగిలాయి.

అప్పుడు వచ్చారు అక్క. కనుమ మీద నా వెనక ఉన్నావిడ, చిన్న చిన్న అడుగులతో, ముగ్గు గీటు మీద నడిచినట్టు తేలిగ్గా.

“ఏమైంది తమ్ముడూ?”

“తొడలు పట్టేశాయి అక్కా. దిగుడే కదా అనుకున్నాను.”

“ప్రాక్టీసు ఎక్కడ చేశావు?”

“అలిపిరి మెట్లు. వారం వారం ఎక్కేవాణ్ణి.”

“దిగేది?”

“బస్సులో.”

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. “నేను నంది కొండకు కారులో వెళ్ళి, నడిచి దిగేదాన్ని” అని మాత్రం అని, నా చేతిలో ఉప్పు పొట్లం పెట్టి వెళ్ళిపోయారు.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాలి, ప్రతి అడుగూ ఒక బ్రేకు. ఆ బ్రేకు వేసే పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా చిరుగుతాయి. విచిత్రమేమిటంటే దీనికి టీకా లాంటిది ఉంది. ముందుగా ఒకటి రెండుసార్లు గట్టిగా దిగుడు పరుగు చేస్తే, ఆ కండరం కొన్ని వారాల పాటు ఆ దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఊపిరితిత్తుల కోసం మాత్రలు, ఆక్సీమీటరు, పది రోజుల సెలవు అన్నీ సమకూర్చుకున్నాను. టికెట్టు పెట్టి మరీ బస్సెక్కి వదులుకున్నది ఈ టీకానే.

మిగతా దారి గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నడిచాను. కొంతదూరం పక్కవాటుగా నడిచాను. ఒక మలుపులో వెనక్కి తిరిగి నడిస్తే హాయిగా ఉందని తెలిసి అర కిలోమీటరు అలాగే వెళ్ళాను. ఎదురొచ్చిన మిలటరీ లారీ డ్రైవరు తల బయట పెట్టి చూశాడు. లేహ్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. పదమూడు గంటల ముప్ఫై నిమిషాలు, గడువుకు అరగంట ముందు. అక్క నాకన్నా గంటంపావు ముందే చేరి, ఉన్నిశాలువా కప్పుకుని టీ తాగుతున్నారు.

నొప్పి ఆ రోజు కాదు, మర్నాడు, ఆ మర్నాడు ముదిరింది. మేడ మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగాను. ఆమా లే మనవరాలు నన్ను అనుకరిస్తూ నా వెంటే వెనక్కి దిగింది. మేడకు పద్నాలుగు మెట్లున్నాయని ముందే చెప్పాను కదా.

తిరుపతి వచ్చిన మూడో శనివారం మామూలుగానే అలిపిరి ఎక్కాను. తిరుమలలో కాఫీ తాగి, బస్సుల వైపు వెళ్ళకుండా మళ్ళీ మెట్ల దారి పట్టాను. మోకాళ్ళ పర్వతం దగ్గర కర్ర ఊతంతో ఎక్కుతున్న ఒక పెద్దాయన నన్ను ఆపి, ఆయాసంలోనే ఆప్యాయంగా అడిగారు: “దర్శనం బాగా అయిందా నాయనా?”

కాఫీ ఒక్కటే అయిందని చెప్పలేక తల ఊపి, గబగబా దిగిపోయాను.