తపసి బంకకి ధర కట్టేదెవరు?

"మీ దగ్గర ఈ జిగురు కోసం చెట్లని చంపేస్తారటగా?" అని మొన్న భోజనాల దగ్గర మా టీంలోని పెద్దావిడ అడిగింది. మామూలుగానే అడిగింది పాపం. నాకే ముద్ద దిగలేదు.

నేను హాంబర్గ్‌లో ఒక గోదాము ల్యాబ్‌లో పనిచేస్తాను. సాస్‌ల్లో, చూయింగ్ గమ్‌లో వాడే సహజ జిగుర్లు ఇక్కడికి వస్తాయి. కాగితాల మీద ఈ416 అనే యూరప్ కోడ్‌తో ఉండేది మన తపసి బంకే, తపసి చెట్టు బెరడుకి గాటు పెడితే కారే జిగురు. బస్తా మూతి విప్పగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన గుప్పుమంటుంది. తేమ తగిలేకొద్దీ ఈ బంక ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది మరి. ఆ వాసనకి నాకు రంపచోడవరం గుర్తొస్తుంది. నాన్న అక్కడ జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో పనిచేసేవారు. సంతరోజు కొండరెడ్లు తెచ్చిన బంకని చాటలో పోసుకుని, బెరడు పెచ్చులు ఏరి, తెల్లటి ముక్కలు ఒక పక్కకి, ఎర్రటివి ఇంకో పక్కకి తోసేవారు. తెల్లదానికే మంచి రేటు.

ఆవిడ మాట అబద్ధమని అనలేను. గొడ్డలితో చెక్కదాకా నరికితే బంక ఎక్కువే కారుతుంది, చెట్టు మాత్రం ఎండిపోతుంది. అయితే కొండ తనది కానివాడు ఈరోజు చెట్టుని వదిలేస్తే, రేపు ఇంకొకడు నరుక్కుపోతాడు. అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకి హక్కు ఇచ్చిన అటవీ హక్కుల చట్టం వచ్చిందే 2006లో. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ వాళ్ళు చిన్న పనిముట్టుతో బెరడుని పైపైన చెక్కడం నేర్పారు. అలా కొద్దికొద్దిగా చెక్కితే గాయం మానుతుంది, బంకలో పెచ్చులూ తక్కువ పడతాయి. మనవాళ్ళు నేర్చుకున్నారు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

నన్ను తొలిచేసేది ఇంకొకటి. నేను రోజూ నింపే ఫారంలో రంగు, పెచ్చుల శాతం, చిక్కదనం, సూక్ష్మజీవులు అన్నిటికీ గడులున్నాయి. చెట్టుకి లేదు. లోతుగా నరికిన చెట్టు బంకైనా తెల్లగా ఉంటే మొదటి రకమే. సస్టైనబుల్ అని డబ్బా మీద వేసుకోవాలని కొనేవాళ్ళందరికీ ఉంటుంది. కోత ఎంత లోతుగా పడుతోందో కొండెక్కి చూసొచ్చే మనిషికి జీతం ఎవరిస్తారంటే మాత్రం అందరూ సప్లయర్ వైపే చూస్తారు. సప్లయర్ ఆ భారాన్ని సంతలో రేటు మీదకి తోస్తాడు. గట్టిగా అడిగితే కొనేవాళ్ళు సెనెగల్ నుంచి తెప్పించుకుంటామంటారు. చెట్టు జాతి వేరు గానీ, అక్కడైనా బంక కోసం గాయం చెయ్యాల్సిందే కదా!

పెద్దావిడకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "మరి ఫారంలో ఆ గడి నువ్వే పెట్టొచ్చుగా?" అంది. కోత పద్ధతికి ఒక గడి, దాన్ని చూసే మనిషి ఖర్చు కొనుగోలు ధరలోనే కలపాలని ఒక వాక్యం రాసి పైవాళ్ళకి పంపాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చే మీటింగ్‌లో మళ్ళీ అడుగుతాను, ఆవిడ కూడా నాతో వస్తానంది.