మొగ్గ తొడిగిన కలాంచో
ఈ ఉదయం నా కలాంచో పూలమొక్క మొదటి మొగ్గ చూపించింది. చాలాసేపు దాని ముందే కూర్చున్నాను.

కిటికీ వెలుతురు చాలని గదిలో పూలు పూయించాలని ఎల్‌ఈడీ దీపం కొన్నప్పుడు, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల సంఖ్యనే నమ్మాను. అది పాత బల్బులతో పోల్చి వేసిన అంకె. దీపం నిజంగా వాడుకునే విద్యుత్తు అందులో చిన్న భాగమే. వెలుగును కొలిచే ల్యూమెన్లు కూడా మనిషి కంటికి సంబంధించిన లెక్కే. మొక్క కోసం చూడవలసింది పీపీఎఫ్‌డీ (మొక్కకు పనికొచ్చే వెలుగు ఆకుల మీద ఎంత పడుతుందో చెప్పే కొలత), అదీ దీపానికి ఎంత దూరంలో కొలిచారో చెప్పినప్పుడే. తరువాత ఆ ఊదారంగు దీపం తీసేసి తెల్లనిది పెట్టాను. ఆకు పసుపుబారినా, పురుగు పట్టినా ఆ వెలుగులోనే స్పష్టంగా తెలుస్తుంది.

అయినా కలాంచోకు నెలల తరబడి ఆకులే! నేను ప్రేమకొద్దీ రోజుకు 14 గంటలు దీపం వెలిగించాను. ఆఫ్రికన్ వయొలెట్‌కు అది చక్కగా సరిపోయింది, విరగబూసింది. కలాంచోకు కావలసింది మాత్రం దాదాపు 6 వారాల పాటు ప్రతి రాత్రీ 14 గంటల ఎడతెగని చీకటి. దాన్ని వేరే అరలోకి మార్చి, విడిగా ఒక టైమర్ పెట్టాను. దీపం కన్నా ముందు టైమరే కొనండి అని అడిగినవారందరికీ చెబుతున్నాను.

ఆకు చాటున ఇంకో మొగ్గ కూడా ఉన్నట్టుంది.