నెల రోజులు, రాత్రికో పాత స్పైడర్‌మ్యాన్

మా బావ పోయిన సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. "చదివి జాగ్రత్తగా ఇచ్చెయ్యి" అని నా చేతిలో పెట్టి వెళ్ళాడు. తెరిస్తే నిండా మార్వెల్ టేల్స్. అంటే 60ల్లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ కథల్ని 1982లో మళ్ళీ మొదట్నించీ వరసగా వేయడం మొదలుపెట్టారు కదా, ఆ రీప్రింట్లన్నమాట. ఒరిజినల్ ఇష్యూలు కొనాలంటే మనలాంటివాళ్ళకి అయ్యే పని కాదు, ఇవైతే అక్కడి పాత కామిక్స్ షాపుల్లో కాస్త చవగ్గానే దొరుకుతాయంట. కాగితం అంచులు పసుపెక్కిపోయాయి, పిన్నులు తుప్పు పట్టాయి, ముట్టుకుంటే పొడి రాలేలా ఉన్నాయి గానీ రంగులు మాత్రం ఇంకా బానే ఉన్నాయి.

నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే, రాత్రి అన్నం తిన్నాక ఒక్క ఇష్యూ, అంతే, రెండోది ముట్టుకోకూడదు. అప్పట్లో చదివిన పిల్లలు నెలకి ఒకటి చదివేవాళ్ళు, కథ సగంలో ఆగిపోతే ఇంకో ముప్పై రోజులు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్ళు, మనకి అంత ఓపిక ఎక్కడుంది, కనీసం ఒక రోజైనా ఆగుదాం అనుకున్నా. ఆ ఒక్క రోజు ఆగడం వల్లే ఈ కథలు నాకు ఇంతలా ఎక్కాయని గట్టిగా నమ్ముతున్నా. ఎందుకంటే తర్వాతి ఇష్యూ లేనప్పుడు ఉన్న ఇష్యూనే మళ్ళీ తిరగేస్తాం, మాటలు చదివేశాం కాబట్టి ఈసారి బొమ్మలు చూస్తాం, అప్పుడు కనిపిస్తాయి అసలు సంగతులు.

మొదటి రాత్రి స్పైడర్‌మ్యాన్ మొట్టమొదట కనిపించిన కథ, 1962 ఆగస్టు నాటి అమేజింగ్ ఫాంటసీ 15. స్టాన్ లీ రాత, స్టీవ్ డిట్కో గీత. మొత్తం కథ 11 పేజీలే! పీటర్ అనే స్కూలు కుర్రాణ్ణి సాలీడు కుట్టి స్పైడర్‌మ్యాన్ అవడం, టీవీలో పేరు రావడం, దొంగ పక్కనుంచి పారిపోతుంటే నాకెందుకులే అని వదిలెయ్యడం, అదే దొంగ బెన్ బాబాయిని చంపడం, అన్నీ ఆ 11 పేజీల్లోనే. సినిమాల్లో ఎన్నిసార్లు చూసినా ఈ వేగం వేరు.

రెండో రోజు చదివిన 1963 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి ఇష్యూ దగ్గరే నేను పడిపోయా (ఇక్కణ్ణించి నేను చెప్పే నంబర్లన్నీ ఆ సిరీస్‌వే). బాబాయి పోయాడు, ఇంట్లో సంపాదించేవాళ్ళు లేరు, అద్దె కట్టాలి. పీటర్ స్టేజీ షో చేసి డబ్బు సంపాదిస్తే చెక్కు స్పైడర్‌మ్యాన్ పేరు మీద రాసిస్తారు, అది పట్టుకుని ముసుగులోనే బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన గుర్తింపు కార్డేది అంటాడు. ఇక్కడి దాకా ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ అదే ఇష్యూలో కాసేపటికి పీటర్ రోడ్డు మీద వెళ్తూ మే పిన్ని తాకట్టు కొట్లో నిలబడి ఉండటం చూస్తాడు, తన నగలు కుదువ పెడుతోంది, పిల్లాడికి తెలియకూడదని. ఆ చిన్న బొమ్మ చూసి నేను పుస్తకం పక్కన పెట్టేశా. మా అమ్మ నా ఇంజినీరింగ్ ఫీజుకి గాజులు పెట్టిన రోజు నాకు చెప్పలేదు, చేతులు బోసిగా ఉంటే అడిగా, పాలిష్‌కి ఇచ్చానంది. న్యూయార్క్ క్వీన్స్‌లో గీసిన ఇంట్లో అదే జరుగుతుంటే ఇంక అది నాకు పరాయి కథ ఎలా అవుతుంది?

మధ్యలో మేరీ జేన్ సంగతి భలే ఉంటుంది. పక్కింటావిడ మేనకోడలు, చాలా మంచి పిల్లరా, ఒక్కసారి చూడరా అని మే పిన్ని 15వ నంబర్ నుంచి పోరుతూనే ఉంటుంది, వీడేమో ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటాడు, అచ్చం మన పెళ్ళిచూపుల గోలే. 25లో ఆ అమ్మాయి వస్తుంది గానీ మొహానికి మొక్క అడ్డం! చివరికి 42లో, ఆఖరి బొమ్మలో తలుపు దగ్గర నిలబడి మొహం చూపిస్తుంది. అంటే 1964 నుంచి 1966 దాకా రెండేళ్ళకి పైగా ఆపారు. అప్పటికి డిట్కో 38తో మానేశాడు, రొమాన్స్ కామిక్స్ గీసిన అనుభవం ఉన్న జాన్ రొమీటా వచ్చాడు, అందుకే కాబోలు ఆ మొహం అంత ఎదురుచూసినదానికీ సరిపోయింది.

ఇక 33. 1966 ఫిబ్రవరి. దీని గురించి ఎంత రాసినా తక్కువే. మే పిన్ని హాస్పిటల్లో ఉంది, కారణం పీటరే, ఎప్పుడో రక్తం ఇచ్చాడు, ఆ రక్తంలోని రేడియేషన్ ఇప్పుడు ఆవిణ్ణి చంపుతోంది. మందు దొరికింది. కానీ నది అడుగున విలన్ డాక్టర్ ఆక్టోపస్ స్థావరంలో ఒక పెద్ద యంత్రం వీడి మీద పడింది, మందు డబ్బా ఎదురుగా నేల మీద ఉంది, చెయ్యి అందదు, పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. 32 అక్కడే ఆగిపోతుంది. రూల్ ప్రకారం నేనూ ఆగా, కానీ ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

33లో మొదటి ఐదు పేజీలూ ఆ బరువు ఎత్తడమే. ఇంకేం లేదు. విలన్ లేడు, ఫైటింగ్ లేదు. ఒకసారి ప్రయత్నిస్తాడు, కాదు. మళ్ళీ ప్రయత్నిస్తాడు, కాదు. బెన్ బాబాయి, మే పిన్ని మొహాలు కళ్ళ ముందు కనిపిస్తాయి. పేజీ మారేకొద్దీ బొమ్మలు పెద్దవవుతూ వస్తాయి, చివరికి ఐదో పేజీ మొత్తం ఒకే బొమ్మ, యంత్రం భుజాల మీంచి లేచిపోతుంది, చుట్టూ నీళ్ళు. నేను ఈసారి మాటలు వదిలేసి వేళ్ళు మాత్రమే చూసుకుంటూ వెళ్ళా. డిట్కో వేళ్ళు గీసినట్టు ఇంకెవరూ గీయలేరనిపిస్తుంది నాకు, ఒక్కో వేలికీ ఒక్కో బాధ ఉంటుంది. ఆ రోజుల్లో కథకి ప్లాట్ డిట్కోదే అని క్రెడిట్స్‌లోనే వేసేవాళ్ళు, చూస్తే తెలుస్తుంది, మాటలు రాసే మనిషి అయితే ఐదు పేజీలు ఇలా వదలడు. అన్నట్టు, ఇంత చేసి ఒళ్ళంతా హూనమయ్యాక కూడా పీటర్ అక్కడ తీసిన ఫోటోలు తీసుకెళ్ళి పేపరు నడిపే జేమ్సన్‌కి అమ్ముతాడు. హాస్పిటల్ ఖర్చులు ఎవడిస్తాడు మరి.

96 నుంచి 98 దాకా, 1971లో, డ్రగ్స్ కథ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే రాయమని అడిగింది, కానీ కామిక్స్ కంపెనీలు తమకి తామే పెట్టుకున్న సెన్సారు, అంటే 1954 నుంచి ఉన్న కామిక్స్ కోడ్, డ్రగ్స్ మాటే ఎత్తకూడదంది, సరే మీ ఆమోదముద్ర మాకొద్దు అని మార్వెల్ ముద్ర లేకుండానే వేసింది, ఆ ఏడాదే కోడ్‌లో రూల్స్ మారాయి. చరిత్రలో ముఖ్యమైనవే, ఒప్పుకుంటా. కథగా మాత్రం నాకు అంతగా ఎక్కలేదు, పాఠం చెప్పినట్టుంది.

ఆఖరి రెండు రాత్రులకి 121, 122 మిగిల్చుకున్నా. ఇవి పెట్టెలో లేవు, నా దగ్గరున్న పెద్ద కలెక్షన్ పుస్తకంలో చదివా. 1973 జూన్, జూలై, రాసింది గెర్రీ కాన్వే, గీసింది గిల్ కేన్, ఆ గీతల మీద ఇంకు దిద్దింది రొమీటా. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి అప్పటికే రోజూ నా పక్కన చేరి చదవడం మొదలెట్టింది, దానికి పీటర్ ప్రేమించిన గ్వెన్ సంగతి తెలీదు, నేనూ చెప్పలేదు. కథ పేరు కూడా మొదట్లో వేయకుండా చివరి పేజీలోనే వేశారు, చెప్పేస్తే అయిపోతుందని. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ ఆ అమ్మాయిని బ్రిడ్జి మీంచి తోసేస్తాడు, వీడు సాలెదారం వేసి కాలు పట్టుకుంటాడు, పైకి లాగుతూ సంతోషంగా మాట్లాడుతూనే ఉంటాడు, ఆమె పలకదు. నేను పేజీ తిప్పబోతుంటే మా పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నా, ఇక్కడ మెడ దగ్గర చిన్నగా ఏదో రాసుంది చూడు."

'స్నాప్' అని ఉంది. అంతే. గుద్దితే, పేలితే సగం పేజీ అక్షరాలు వేసే కామిక్స్‌లో అసలు చావు శబ్దాన్ని ఇంత చిన్నగా మెడ పక్కన రాశారు. "అంటే ఇతనే చంపేశాడా?" అంది. గాబ్లిన్ మాత్రం నేల తాకకముందే పడటంలోనే చచ్చిపోయింది అంటాడు. 125లో ఉత్తరాల పేజీలో మాత్రం అడిగినవాళ్ళకి జవాబిచ్చారు, దారం ఒక్కసారిగా ఆపడంతో పడిన కుదుపుకే పోయింది, ఇంకే దారీ లేదు అని. అది చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, "మరి వదిలేస్తే కింద పడిపోయేది కదా" అని దానికదే అనుకుంటూ వెళ్ళి పడుకుంది.

122లో గాబ్లిన్ తను ఎక్కి ఎగిరే గ్లైడర్‌కే బలైపోతాడు, అది సరే. నాకు మిగిలింది మాత్రం ఆఖరి పేజీ. పీటర్ ఇంటికొస్తాడు, మేరీ జేన్ ఉంటుంది. నీకేం తెలుసు, మీ అమ్మ పోయినా నీకు బాధుండదు అని నోటికొచ్చింది అంటాడు. ఆ పిల్ల ఏడుస్తూ తలుపు దాకా వెళ్తుంది, తలుపు తీస్తుంది, ఆగుతుంది. తర్వాత వెళ్ళకుండా లోపల్నుంచే తలుపు వేసేస్తుంది. 'క్లిక్' అని ఒక చిన్న అక్షరాల ముక్క, కథ అయిపోయింది. స్నాప్ ఎంత చిన్నదో ఇదీ అంతే. వరసగా రెండు రాత్రుల్లో రెండూ చదివితేనే ఈ రెండు చప్పుళ్ళూ ఒకదాని పక్కన ఒకటి వినిపించాయి.

పెట్టె బావకి ఈ దసరాకి తిరిగిచ్చేయాలి. 33 రీప్రింట్ ఒక్కటి ఉంచుకుంటా అని మెసేజ్ పెట్టా, ఇంకా జవాబు లేదు. ఈలోగా మా పిల్ల మొదటి ఇష్యూ తీసి చదవడం మొదలెట్టింది, నిన్న వంటింట్లోకి వెళ్ళి వాళ్ళ నానమ్మని తాకట్టు అంటే ఏంటని అడుగుతోంది.