ఇంగువ డబ్బా వెనకవైపు

మా అమ్మ పులిహోర కలిపితే ఇంగువ వాసన వీధిగుమ్మం దాకా వస్తుంది. రెండేళ్ల క్రితం వేసవిలో ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగి ఆటోలో మా ఊరు చేరేసరికి పదకొండు దాటింది. స్నానాలు కాగానే అమ్మ అరిటాకులు వేసి పులిహోర, పప్పు, పక్కన రెండు జంతికలు పెట్టింది. బియ్యం, చింతపండు, పల్లీలు, కరివేపాకు అని మనసులోనే లెక్క చూసుకున్నాను. జంతికలు కూడా బియ్యప్పిండివే. మా అమ్మాయి తినకూడని గోధుమ ఎక్కడా లేదు. "తిను నాన్నా, ఇది మన ఇల్లు" అన్నాను తనతో.

సాయంత్రానికి కడుపునొప్పి, రాత్రికి వాంతులు. పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుంటే అమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. నేను వంటింట్లోకి వెళ్లి ఒక్కో డబ్బా, ఒక్కో ప్యాకెట్ తిప్పి చూశాను. ఇంగువ డబ్బా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది: గోధుమ పిండి, గమ్ అరబిక్, ఇంగువ.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది. "ఇంగువలోన గోధుమేటే?" అంది. నలభై ఏళ్లుగా ఆ ఇంగువే వాడుతోంది. ఆ రాత్రి ఆమె నాకంటే ఎక్కువ బాధపడింది. మనవరాలికి తన చేత్తో పెట్టిందని.

అసలు ఇంగువ అంటే అఫ్ఘానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే మొక్క వేరు నుంచి కారే జిగురు. ఘాటు చాలా ఎక్కువ కాబట్టి దాన్ని ఏదో ఒక పిండిలో కలిపి అమ్ముతారు. కొన్నిటిలో గోధుమ పిండి, కొన్నిటిలో బియ్యప్పిండి. రెండు డబ్బాలూ ఒకేలా కనిపిస్తాయి. వెనక తిప్పి చూస్తే తప్ప తేడా తెలియదు. సాంబారు పొడి, రసం పొడి, కొన్న అప్పడాలు, కొన్న ఆవకాయ, వీటన్నిటిలోకీ ఆ ఇంగువ వెళ్తుంది.

మా అమ్మాయికి తొమ్మిదో ఏట సీలియాక్ అనే జబ్బు ఉందని తేలింది. మేముండేది టెక్సాస్‌లో. రెండేళ్లపాటు ఎత్తు పెరగలేదు, ఐరన్ సిరప్ ఎంత తాగించినా రక్తం పట్టలేదు. మొదట టీటీజీ అనే రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క తీసి చూశారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులో పడితే, ఈ పిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానేయడం ఒక్కటే దారి. ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేనూ ఆ పొరపాటు చేయబోయాను: అనుమానం వస్తే పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మాన్పించకూడదు. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ లేదని రావచ్చు.

గోధుమలు ఎక్కువ తినే ఉత్తర భారతంలో దీని పేరు కొంత తెలుసు. అన్నం తినే మన వైపు చాలా తక్కువ. అందుకే శ్రీకాకుళంలో ఎవరికి చెప్పినా మొదట వింతగా చూస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

అమెరికాలో నాకు లేబుల్ చదవడం వచ్చనుకునేదాన్ని. అక్కడ 2004లో వచ్చిన చట్టం ప్రకారం గోధుమ ఉంటే ఆ పేరు రాసి తీరాలి. కానీ ఆ జాబితాలో బార్లీ, రై లేవు. బార్లీ 'మాల్ట్' అనే పేరుతో వస్తుంది. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ వెనిగర్ అన్నీ దాని చుట్టాలే. మొక్కజొన్నతో చేసిన కార్న్‌ఫ్లేక్స్‌లో గోధుమ ఉండదు కదా అని కొంటే, చాలావాటిలో రుచి కోసం వేసిన బార్లీ మాల్ట్ ఉంటుంది. సోయా సాస్‌ను సాధారణంగా గోధుమ కలిపే పులియబెడతారు. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేదాన్ని చూసి మాత్రం చాలాకాలం అనవసరంగా భయపడ్డాం. పేరులో మాల్ట్ ఉన్నా అది పిండిపదార్థాన్ని బాగా విడగొట్టి చేసేది, ఎక్కువగా మొక్కజొన్న నుంచి తీస్తారు, దాంతో ఇబ్బంది లేదు. 'వీట్ ఫ్రీ' అన్నంత మాత్రాన 'గ్లూటెన్ ఫ్రీ' కాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలని 2013లో అక్కడ నియమం పెట్టారు. ఇండియాలోనూ హద్దు అదే.

మన దేశంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో గోధుమతో పాటు బార్లీ, రై, ఓట్స్ కూడా విడిగా ప్రకటించాల్సిన వాటిలో ఉన్నాయి. ప్యాకెట్ వెనక 'కంటెయిన్స్' అన్న మాట వెతికితే చాలావరకు తెలిసిపోతుంది. కానీ ముందువైపు బొమ్మల్ని మాత్రం నమ్మకూడదు. శ్రీకాకుళం బజార్లో రాగి బిస్కెట్లు అని ఒక ప్యాకెట్ చూసి మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. వెనక తిప్పితే మొదటి పేరు మైదా, రాగిపిండి నాలుగోది. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. అంటే అవి రాగి వాసన తగిలిన మైదా బిస్కెట్లు. మిల్లెట్ నూడుల్స్ అని రాసినవాటిలోనూ చాలాసార్లు ఇదే సంగతి. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మేటప్పుడు ఇలా చేయడం నాకు అస్సలు నచ్చదు.

అసలు చిక్కు లేబుల్ లేని చోట. మిఠాయి కొట్టు, సాయంత్రం బజ్జీల బండి, పెళ్లి భోజనం. మిరపకాయ బజ్జీ శనగపిండిదే, కానీ అంతకుముందు అదే నూనెలో మైదా బోండాలు వేగి ఉంటాయి. రవ్వ అంటే ఇడ్లీ రవ్వా, బొంబాయి రవ్వా? మొదటిది బియ్యం, రెండోది గోధుమ. ఇవన్నీ అడగాలి. అడగడం మన ఊళ్లో తేలిక కాదు.

టెక్సాస్‌లో స్కూల్లో ఎవరిదైనా పుట్టినరోజుకి కప్‌కేక్ ఇస్తే మా పిల్ల "నేను తినకూడదు" అంటుంది, అంతటితో సరి. ఎవరూ రెండోసారి అడగరు. ఇక్కడ మొదటి 'వద్దు' మొహమాటం కింద లెక్క, రెండో 'వద్దు' మర్యాద కింద. మూడోసారి కూడా వద్దంటేనే నిజంగా వద్దని అర్థం, అప్పటికి ఎదుటివాళ్ల మనసు కొంత నొచ్చుకుంటుంది. రాజాంలో మా పిన్ని ఇంటికి వెళ్తే కజ్జికాయలు పళ్లెంలో పెట్టి తెచ్చింది. మా అమ్మాయి ఇంగ్లీషులో "నో, థాంక్స్" అంది. పిన్ని మొహం మారిపోయింది. అమెరికా పిల్ల మన తిండికి వంక పెట్టిందనుకుంది.

ఆ రాత్రి పిల్లకి ఒక వాక్యం నేర్పాను: "వద్దు అమ్మమ్మా, నాకు గోధుమ పడదు." పడదు అనేది మన వాళ్లకి బాగా తెలిసిన మాట. వంకాయ పడదు, చల్లనివి పడవు అంటాం కదా. కానీ దాంతో కొత్త ఇబ్బంది వచ్చింది. పడదంటే కొంచెం తినొచ్చని అర్థం. "కూసింత తింటే ఏటవుతాది" అని ప్రతి ఇంట్లో అన్నారు. సరే, డాక్టరు చెప్పిన జబ్బు పేరే చెబుదామంటే, మా పెద్దమ్మ నన్ను పెరట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది: "ఆడపిల్లే. జబ్బని ఊరంతా సెప్పకు. రేప్పొద్దున్న సంబంధాలు సూడొద్దా?"

పెద్దమ్మ మా మంచికే చెప్పింది. అయినా ఆ మాట నేను వినలేదు. పదకొండేళ్ల పిల్ల తన ఒంటి సంగతి గుట్టుగా దాచుకోవాలని నేర్చుకుంటే, రేపు అందరి మధ్యలో కూర్చుని సిగ్గుతో ఏదో ఒకటి తినేస్తుంది. అందుకే ఎవరింటికి వెళ్లినా ముందురోజే ఫోన్ చేసి చెప్పేస్తున్నాను: గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, కొన్న ఇంగువ, చిటికెడు కూడా వద్దు, పేగు దెబ్బతింటుంది, అన్నం, పెరుగు, అరటిపండు ఉంటే చాలు. అలా చెబితే ఎవరూ తప్పుగా తీసుకోలేదు. పిన్ని అయితే ఆ తర్వాత మేము వెళ్లిన రోజున కొత్త మూకుడు తీసి, కొత్త నూనె పోసి అరిసెలు వండింది. అరిసె అంటే బియ్యం, బెల్లమే కదా అని.

గుళ్లో ప్రసాదం సంగతి మా అమ్మాయే తేల్చుకుంది. పులిహోర దొన్నె రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుని అమ్మమ్మ చేతిలో పెట్టింది. అలా చేయమని నేను చెప్పలేదు.

జంతికల సంగతి ఆలస్యంగా బయటపడింది. బియ్యం ఊళ్లో మర దగ్గర ఆడించారు. మా ముందు ఎవరో గోధుమలు ఆడించుకున్నారు. మరలో మిగిలిన ఆ పిండి మన బియ్యప్పిండిలో కలుస్తుంది. ప్యాకెట్ లేదు, లేబుల్ లేదు, ఎక్కడ చదువుతాం? అమ్మ కాసేపు ఆలోచించి పెరట్లోకి వెళ్లింది. మామిడిచెట్టు కింద ఎప్పటినుంచో బోర్లించి ఉన్న తిరగలిని నాన్న చేత కడిగించింది. "దీనికి మినుములు, కందులు, సోళ్లే తెలుసు. గోధుమ మొహం సూడనేదు" అంది.

మా వైపు రాగుల్ని చోళ్లు అంటాం. అమ్మ చోళ్లు కడిగి ఎండబెట్టింది. చేటలో పోసి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఏరించింది. మినుములు ఏరుతుంటే అందులో ఒక గోధుమ గింజ దొరికింది. పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా చూపించింది. తిరగలి పిడి పట్టుకుని ఇద్దరూ తిప్పారు. ఆ సెలవులంతా పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం. టెక్సాస్‌లో ఖరీదు పెట్టి కొనే గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ ఆమెకి ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు.

వంటింట్లో డబ్బాలన్నీ అమ్మ మళ్లీ సర్దింది. పిల్ల తినగలిగేవి పై అరలో, గోధుమవి కింద అరలో. తెల్లకాగితం అంటించి పేర్లు తెలుగులో రాసింది. మా అమ్మాయికి ఆదివారం తెలుగు క్లాసులో మూడేళ్లు కూర్చున్నా ఒత్తులు, గుణింతాలు ఎక్కలేదు. ఈ డబ్బాల దగ్గర వారంలో వచ్చేశాయి. తను మొదట సొంతంగా చదివిన తెలుగు మాట 'గోధుమ'. రెండోది 'మైదా'. బియ్యంలో య-వత్తు దగ్గర కాస్త తడబడింది.

మొన్న సంక్రాంతికి అమ్మ పార్సిల్ పంపింది. సున్నుండల డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అంటించి ఉంది. మా అమ్మాయి గట్టిగా చదివింది: "మినుములు, బెల్లం, నెయ్యి. తిరగలి పిండి. ఏరినది." ఫోన్‌లో అమ్మ అడిగింది, "ఎక్కువున్నది ముందు రాయాలన్నావు కదా, సరిగ్గా రాసేనా?"

"సరిగ్గానే రాసావు అమ్మమ్మా" అంది పిల్ల, డబ్బా మూత తీస్తూ.