ఆపే పని కీబోర్డే చేసేస్తే

సీఎస్, అంటే కౌంటర్ స్ట్రైక్ అనే గన్ గేమ్ ఆడే బ్యాచ్‌లో, ప్లేయర్ చేయాల్సిన పని కీబోర్డే చేసేస్తే అది చీటింగా కాదా అన్న గొడవ ఎప్పటికీ తెగదు. "హ్యాక్ ఏం వేయలేదు కదరా మామా, డబ్బులు పెట్టి కొన్న కీబోర్డు, షాపులో దొరుకుద్ది, చీటింగ్ ఎలా అవుద్ది" అంటారు. నా లెక్కలో అవుద్ది. షాపులో దొరికినంత మాత్రాన ఆటలో న్యాయం అయిపోదు.

తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, కౌంటర్ స్ట్రైక్ 2లో పరిగెడుతూ కాలిస్తే బుల్లెట్ ఎటు పోద్దో తెలీదు, ఆగి కాల్చాలి. కీబోర్డు మీద ఏ (A) నొక్కి ఎడమకి పోతున్నప్పుడు ఆ కీ వదిలేసి, కుడికి తీసుకెళ్ళే డీ (D) మీద చిన్న ట్యాప్ ఇస్తే టక్కున ఆగుతాం, ఆ క్షణంలోనే క్లిక్ పడాలి. డీ లేటయితే జారిపోతాం, ఏ వదలడం లేటయితే రెండు కీలూ కలిసి పడి సరిగ్గా ఆగం. దీన్నే కౌంటర్ స్ట్రేఫ్ అంటారు, వేళ్ళకి అలవాటవ్వాలంటే నెలలు పడుద్ది, చాలామందికి ఎన్నాళ్ళాడినా పూర్తిగా రాదు కూడా.

2024 జులైలో రేజర్ అనే కంపెనీ వాళ్ళు తమ హంట్స్‌మన్ వీ3 ప్రో కీబోర్డులకి స్నాప్ ట్యాప్ అని తెచ్చారు. ఏ నొక్కే ఉంచి డీ కొట్టినా సరే, చివర్లో నొక్కిన కీనే లెక్కలోకి తీసుకుంటది. అంటే ఏ ఎప్పుడు వదలాలి అన్న బాధే లేదు, కష్టమైన సగం కీబోర్డే చేసేసింది! వూటింగ్ అనే ఇంకో కీబోర్డు కంపెనీ వాళ్ళూ ఇలాంటిదే ఇచ్చారు. ఆగస్టు 19న ఈ గేమ్ చేసిన వాల్వ్ ఒక అప్‌డేట్‌తో తమ అఫీషియల్ సర్వర్లలో దీన్ని పట్టుకుని మ్యాచ్ నుంచి కిక్ చేయడం మొదలెట్టింది, ఒకే కీకి రెండు మూడు మూవ్‌మెంట్ పనులు కట్టే బైండ్‌లని కూడా ఆపేసింది. నాకు బాగా నచ్చింది ఇదే, ఇలా బైండ్ స్క్రిప్ట్ రాసినా కీబోర్డు కొన్నా ఒకటే రూల్.

అలాగని మంచి హార్డ్‌వేర్ అంతా తప్పని అనట్లేదు. ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉంది, కీ కొంచెం పైకి లేవగానే వదిలినట్టు తీసుకుంటది, కానీ ఆ వేలు లేపాల్సింది నువ్వే, టైమింగ్ తప్పితే తప్పినట్టే. ఫోన్‌లో బీజీఎంఐ గేమ్ ఆడేవాళ్ళు చెమటకి వేళ్ళకి వేసుకునే స్లీవ్స్ కూడా అంతే, గురి అవి పెట్టవు. కన్సోల్‌లో క్రోనస్ జెన్ అనే డివైజ్ కథ మాత్రం వేరు, కంట్రోలర్‌కీ కన్సోల్‌కీ మధ్యలో కూర్చుని, కాల్చేటప్పుడు పైకి ఎగిరే గన్ రీకాయిల్‌ని స్క్రిప్టే కిందకి లాగుద్ది. ఎగ్జిమ్ అని ఇంకో డివైజ్ పెడితే మౌస్‌ని కంట్రోలర్ అని గేమ్‌ని నమ్మించి, మౌస్ స్పీడుతో పాటు కంట్రోలర్‌కిచ్చే ఎయిమ్ అసిస్ట్ (గురికి గేమ్ చేసే సాయం) కూడా కొట్టేస్తారు. యూబీసాఫ్ట్ కంపెనీ 2023లో తన రెయిన్‌బో సిక్స్ సీజ్ గేమ్‌లో మౌస్‌ట్రాప్ అని పెట్టి ఇలాంటోళ్ళ ఇన్‌పుట్‌కి డిలే కలపడం మొదలెట్టింది, మంచి పని చేసింది.

చేతులు సరిగ్గా పనిచేయని ప్లేయర్లని మాత్రం ఈ గాటన కట్టకూడదు. ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018 నుంచి ఉంది, పెద్ద బటన్లు, కాలితో నొక్కే పెడళ్ళు ఏవైనా దానికి తగిలించుకోవచ్చు. అది ఆటలోకి రానిస్తది, ఆడాల్సింది మాత్రం వాళ్ళే. బంగీ కంపెనీ కూడా 2023లో తన డెస్టినీ 2 గేమ్ రూల్స్‌లో ఇదే తేడా రాసింది, ఆడగలగడానికి వాడితే ఓకే, ఎదుటోడి మీద అడ్వాంటేజ్ కోసం వాడితే యాక్షన్ అని. బయటి టోర్నమెంట్లు పెట్టేవాళ్ళు కూడా ఏ ఫీచర్ ఓకే, ఏది కాదు అని రిజిస్ట్రేషన్ పేజీలోనే రాసేయాలి, మ్యాచ్ అయ్యాక స్క్రీన్‌షాట్లు పట్టుకుని కొట్టుకునే కన్నా.