గోడ మీద ఇల్లు

ఒడిశాలోని గుణుపురంలో మా బావకి కిరాణా కొట్టుంది. సంక్రాంతి సెలవులకి నౌపడలో రైలెక్కాను. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మొదలైంది ఈ దారిలోనే, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. మర్నాడు బావ బండి మీద పుట్టసింగి కొండలకి బయల్దేరాం. దారి గురించి చెప్పేదేం లేదు, నడుం మాత్రం ఇంకా నొప్పే.

అక్కడుండేది లాంజియా సవరలు, సవర గిరిజనుల్లో ఒక తెగ. ఒకరింట్లోకి పిలిచారు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎర్రమట్టి గోడ మీద తెల్లటి బొమ్మలు కనబడ్డాయి. వెదురు పుల్లని బియ్యప్పిండిలో ముంచి గీసినవి. చుట్టూ గీతల అంచు, పైన సూర్యుడు, చంద్రుడు, చెట్టెక్కే కోతులు, నెమలి, ఏనుగు, వరసగా గుర్రాలు. డ్రాయింగ్ మాస్టారి కొడుకుని, ఊరుకుంటానా! "అడవిని ఎంత బాగా వేశారు బావా! ఇదిగో కొండ, ఇక్కడ వేట" అని మొదలెట్టాను.

బావ ఆ మాట ఇంటి పెద్దాయనకి సవరలో చెప్పాడు. (గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ పట్టుబట్టి నేర్చుకున్న భాష. మా బావ మాత్రం బేరాల్లో నేర్చుకున్నాడు.) పెద్దాయన నవ్వలేదు.

"అడవి కాదట్రా. ఇల్లట. వాళ్ల నాన్నది."

"ఆయన పోయాడన్నావుగా?"

"అందుకే."

దీన్ని ఇడితాల్ అంటారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, పోయినవాళ్లు ఏం అడుగుతున్నారో పూజారి చెబుతాడు. ఇల్లడిగితే గోడ మీద గీయించి, పూజ చేసి, వాళ్లని అందులోకి పిలుస్తారు. నేను ఫ్రేమ్ అనుకున్న అంచు ఆ ఇంటి గోడలు. ఈ కొండల్లో గుర్రాన్ని ఎవరు చూశారు? అది పెద్దలెక్కి తిరిగే వాహనం. ఒక మూల విమానం కూడా ఉంది. నేను చూసింది చూడ్డానికి వేసిన బొమ్మే కాదు.

2024లో ఈ చిత్రాలకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదని ఇచ్చే ముద్ర) వచ్చింది. ఇప్పుడు చీరల మీదా, చేతిసంచుల మీదా కూడా వేస్తున్నారు. అక్కడ గుర్రం అందంగానే ఉంటుంది, ఎక్కేవాళ్లే లేరు.

ఫోటో తీసుకోవచ్చా అని అడిగించాను. పెద్దాయన గోడ దగ్గరికెళ్లి ఏదో గొణిగాడు.

"తీసుకోమన్నాడు. ఫ్లాష్ వద్దట" అన్నాడు బావ.

అన్నది ఎవరో బావ చెప్పలేదు. నేనూ అడగలేదు.