ఆటోనగర్ ఎండలో మంచు చైన్లు

డిసెంబరు, ఆదివారం. విజయవాడ.

ఆదివారం కావడంతో ఆటోనగర్‌లో సగం షట్టర్లు దించే ఉన్నాయి. మా మెకానిక్ షెడ్డు ముందు ఒక ఎర్టిగా కారు ఆగింది. క్రిస్మస్ సెలవులకి నలుగురు కలిసి సొంత బండిలో మనాలి, అక్కణ్ణుంచి అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోతారట. ఢిల్లీకే పదిహేడు వందల కిలోమీటర్ల పైమాట, అక్కణ్ణుంచి మనాలికి ఇంకో ఐదు వందల పైన. ఆ దూరం గురించి వాళ్లకి బెంగేమీ లేదు. డిక్కీలో మంచు చైన్ల పెట్టె ఉంది, అంటే మంచు మీద జారకుండా టైర్లకి చుట్టే ఉక్కు గొలుసులు, సీలు కూడా తియ్యలేదు. "అక్కడికెళ్లాక అవసరమైతే వేసుకుంటాం లెండి" అన్నారు.

తంటా అంతా ఆ మాట దగ్గరే. మైనస్ ఐదులో, చీకట్లో, వెనక బండ్లు హారన్ కొడుతుంటే, వేళ్లు కొంకర్లు పోతుంటే, పెట్టెలో కాగితం తీసి బొమ్మలు చూసి నేర్చుకోవడం అయ్యే పని కాదు. ఇక్కడ పొడి నేల మీద రెండుసార్లు వేసి తీస్తే అక్కడ చేతులు వాటంతటవే కదులుతాయి. పెట్టె విప్పించాం.

ముందు సైజు. ఎర్టిగా టైరు పక్కన 185/65 ఆర్15 అని అచ్చు ఉంటుంది. పెట్టె మీది పట్టీలో సరిగ్గా అదే ఉండాలి. "పదిహేను రింగుకి సరిపోతుంది సార్" అని అమ్మితే తీసుకోకూడదు. 205/65 ఆర్15 కూడా పదిహేను రింగే, కానీ లెక్క కడితే రెండు టైర్ల చుట్టుకొలతకీ ఎనిమిది సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంత వదులు చైను తిరిగేటప్పుడు విసురుగా పైకి లేచి మడ్‌గార్డు ప్లాస్టిక్‌ని చీల్చేస్తుంది, లోపలి పక్క ఏబీఎస్ (బ్రేకు సెన్సారు) వైరునో బ్రేకు హోసునో కొడుతుంది. వీళ్ల పెట్టె అదృష్టవశాత్తూ సరైనదే.

తర్వాత లోపలి జాగా. చిన్న కార్లకి వచ్చే చైన్లు ఎక్కువగా 9 మి.మీ., 12 మి.మీ. రకాలు. టైరు ఉపరితలం మీద చైను ఎంత ఎత్తు లేస్తుందో ఆ అంకె చెబుతుంది. పెద్ద బండ్లకి 16 మి.మీ. కూడా ఉంటాయి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, టైరు లోపలి గోడకీ షాకబ్జార్బరు స్ప్రింగు కప్పుకీ మధ్య వేలు పెట్టి చూడాలి, రెండో పక్కకి తిప్పి మళ్లీ చూడాలి. అక్కడ వేలు ఇరుక్కుంటుంటే 12 వద్దు, 9 తీసుకోవాలి. బండితో వచ్చిన పుస్తకంలో ఈ సైజు టైరుకి చైను వెయ్యొద్దని రాసి ఉంటే ఇక వాదన లేదు. అలాంటి బండ్లకి గుడ్డతో చేసిన తొడుగులు దొరుకుతాయి. మంచు మీద పనిచేస్తాయి గానీ వట్టి తారు మీద తొందరగా చిరిగిపోతాయి.

ఏ చక్రాలకి వెయ్యాలన్న దగ్గర నలుగురూ నాలుగు మాటలన్నారు. వెనక బరువుంటుంది కాబట్టి వెనకకే అన్నవాళ్లే ఎక్కువ. నిజానికి ఇంజను ఏ చక్రాన్ని తిప్పుతుందో దానికే చైను. ఎర్టిగాకి ముందు. ఇన్నోవా క్రిస్టాకి, బొలెరోకి వెనక. ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పే ఫోర్ బై ఫోర్ అయితే పుస్తకం ఏది చెబితే అది. దీంతో కథ అయిపోలేదు, ఒక జత చైన్లకి ఒక లోపం ఉంటుంది. ముందు చక్రాలకి మాత్రమే వేసిన బండి దిగుడులో బ్రేకు తొక్కితే ముందు పట్టు దొరుకుతుంది, వెనక దొరకదు. తోక పక్కకి తిరిగి బండి అడ్డంగా నిలబడుతుంది. వెనక మాత్రమే వేసిన బండి ఎత్తు బాగానే ఎక్కుతుంది గానీ మలుపులో స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు మాట వినవు, తిన్నగా లోయ వైపే జారతాయి. స్తోమత ఉంటే రెండు జతలు కొనడమే మేలు. వీళ్ల దగ్గర ఒక్కటే ఉంది. దిగుడులో ఎలా నడపాలో మరింత గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇక వేసే పని. చదునుగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, ఇంజను ఆపి, నాలుగు ఇండికేటర్ లైట్లూ వెలిగించాలి. చైను వెయ్యని చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. జాకీ అక్కర్లేదు, గాలి తియ్యకూడదు. చైనుని గోనెపట్టా మీద పరిచి మెలికలు విప్పాలి. కొక్కేల నోరు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి, లేకపోతే రబ్బరు గోడని గీసేస్తాయి. వంగే తీగతో చేసిన చుట్టు ఒకటి ఉంటుంది. దాన్ని టైరు వెనకనుంచి నేల మీదుగా తోసి, రెండు కొసలూ పైకి తెచ్చి, టైరు నెత్తిన కలపాలి. అందరూ తడబడేది ఇక్కడే. ఆ చుట్టు టైరు మధ్యలోనే ఆగిపోతుంది, వెనక గోడ మీదికి జారదు. రెండు చేతులతో సమానంగా వెనక్కి నెట్టితే గానీ పోదు. అది సరిగ్గా కూర్చోకుండా బయట కొక్కెం తగిలిస్తే చైను ఒక పక్కకి లాగేసుకుంటుంది. వెనక చుట్టు కూర్చున్నాక గొలుసు వలని టైరు మీదికి లాక్కుని, బయట పైనున్న కొక్కెం తగిలించి, అడుగున ఉన్న బిగింపు గొలుసుని తాళపు రంధ్రంలోంచి బలంగా లాగి, మిగిలిన తోకని ఎదుటి కడియానికి పెట్టాలి. తోక వేలాడుతూ ఉంటే అదే కొరడాలా కొడుతుంది.

బండిని ఒక చక్రం తిరిగేంత ముందుకి కదిపి ఆపి మళ్లీ బిగించాలి. రోడ్డెక్కాక వందగజాలు పోయి ఇంకోసారి. ఈ రెండో బిగింపు చెయ్యని వాళ్లవే సగం చైన్లు తెగుతాయి.

మొదటి చక్రానికి పావుగంట పైనే పట్టింది, చెమటలు కారుతున్నాయి. రెండోది అందులో సగంలో అయింది. సిమెంటు మీద రెండు మీటర్లు కదిపి అక్కడే ఆపించాం. గట్టి నేల మీద తిప్పితే ఉక్కు గొలుసుకీ మంచిది కాదు, నేలకీ మంచిది కాదు. తర్వాత అదే పని చేతికి తొడుగులతో చేయించాం. ఉన్ని తొడుగులైతే మంచుకి తడిసి ఇనుముకి అంటుకుంటాయి. అరచేతికి రబ్బరు పూత ఉన్నవి మన హార్డువేర్ కొట్లలో దొరికేవే చాలు.

చైన్ల సంగతి సరే, టైర్లు చూస్తే ముందువి బాగున్నాయి, వెనకవి గట్టిపడ్డాయి. పక్కన డాట్ (DOT) అక్షరాల చివరున్న నాలుగంకెలు చూడాలి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. మన చట్టం 1.6 మి.మీ. గాడి ఉంటే చాలంటుంది. మంచుకి అది గుండు టైరు కిందే లెక్క, కనీసం 4 మి.మీ. ఉండాలి. వీళ్ల వెనక టైర్లలో గాడి ఉంది గానీ గోరు గుచ్చితే దిగడం లేదు. ఇక్కడి ఎండలకి రబ్బరు అలాగే అవుతుంది. మార్చుకోమని చెప్పాం. అరిగినవి వెనకుంటే పర్లేదన్న నమ్మకం మన దగ్గర బాగా ఉంది, మంచులో తోక తిరిగేది ఆ నమ్మకం వల్లనే.

మరి మంచు టైర్లే కొనెయ్యొచ్చు కదా అని నలుగురిలో చిన్నవాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ టైర్ల రబ్బరు 7 డిగ్రీల కింద కూడా మెత్తగానే ఉంటుంది, దిమ్మల మీద సన్నటి చీలికలుంటాయి, అవి మంచుని కరిచిపట్టుకుంటాయి. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉంటేనే పరీక్షలో నెగ్గిన టైరని అర్థం. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అచ్చు చాలదు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఆ బొమ్మ లేనిది శీతాకాలపు టైరు కిందే లెక్కపెట్టడం లేదు. కానీ ఆ మెత్తటి రబ్బరుతో ఇక్కణ్ణుంచి ఢిల్లీ దాకా హైవే మీద పోయి, మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర 45 డిగ్రీల తారు మీద తిప్పితే డబ్బు రోడ్డుకి రాసినట్టే. నాలుగు రోజుల మంచు కోసం విజయవాడ బండికి మంచి మామూలు టైర్లూ, సరైన చైన్లూ చాలు. నున్నటి గాజుమంచు మీదయితే చైనుదే పైచెయ్యి, దాని ఇనుము మంచులోకి దిగుతుంది.

గాలి విషయంలో పెద్ద చర్చే జరిగింది. ఇక్కడ 30 డిగ్రీల్లో 33 పాయింట్లు (పీఎస్‌ఐ) కొట్టించి, మైనస్ పదికి పోతే చల్లదనం వల్ల ఆరు పాయింట్ల పైన పడిపోతుంది. కానీ మూడు వేల మీటర్ల ఎత్తులో బయటి గాలి పల్చబడుతుంది కాబట్టి మీటరు నాలుగున్నర పాయింట్ల దాకా పెంచి చూపిస్తుంది. రెండూ కలిసి నికరంగా తగ్గేది రెండు పాయింట్లు. "మంచులో గాలి తీసెయ్యాలి" అనే సలహా ఇసుకకి చెల్లుతుందేమో గానీ చైను వేసిన టైరుకి చెల్లదు, చైను వదులైపోతుంది. పొద్దున్నే బండి కదలకముందు చూసి, కారు తలుపు దగ్గర కంపెనీ రాసిన అంకెకి తెచ్చుకోవాలి.

మధ్యలో ఉత్తరాదికి మిర్చి లోడు వేసుకెళ్లే గుంటూరు డ్రైవరన్న ఒకాయన టీ తాగుతూ నిలబడ్డాడు. "మేం మోకు చుట్టేస్తాం గురూ" అన్నాడు. టైరు చుట్టూ డిస్కు కన్నాల్లోంచి మోకు చుట్టడం నిజంగానే ఉంది, ఇరుక్కున్న చోటు నుంచి బయటపడ్డానికి పనికొస్తుంది. రెండు మూడు కిలోమీటర్లకి పీచవుతుంది, తెగిన కొస బ్రేకులోకి పోతుంది. దానికంటే రెండు ఖాళీ గోతాలు, పది కిలోల ఇసుక, చిన్న పార డిక్కీలో ఉంటే నయం. ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటరు తొక్కితే టైరు వేడెక్కి కింద మంచుని కరిగించి గాజులా చేస్తుంది. తొక్కడం ఆపి, మంచు తవ్వి, గోతం పరిచి, రెండో గేరులో మెల్లగా కదపాలి. ట్రాక్షన్ కంట్రోల్ చక్రాన్ని తిరగనివ్వకపోతే కదిలేదాకా దాన్ని ఆపి, కదిలాక మళ్లీ వెయ్యాలి.

చైనుతో గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదని పెట్టె మీదే ఉంటుంది. 30 అనుకుంటే హాయి. స్టీరింగు గరగరలాడటం మామూలే. టక్ టక్‌మని రేకుకి కొట్టిన చప్పుడు వస్తే ఆ క్షణమే ఆపాలి, లింకు తెగిందన్నమాట. దిగుడులో మొదటి, రెండో గేరే. క్లచ్ తొక్కి బండిని దొర్లనివ్వడం అసలు వద్దు. రాత్రి ఆపేటప్పుడు చేత్తో లాగే బ్రేకు వేస్తే కేబులు గడ్డకట్టి పొద్దున వదలదు. చదునైన చోట గేరులో పెట్టి చక్రానికి రాయి పెట్టడమే.

మనాలి దాటాక సోలంగ్ దగ్గర మంచు పడితే ఫోర్ బై ఫోర్‌నో చైన్లున్న బండినో తప్ప పోలీసులు పైకి వదలరు. కశ్మీరులో టంగ్‌మర్గ్ నుంచి గుల్‌మర్గ్ ఎక్కాలన్నా ఇదే తీరు. 2020 అక్టోబరులో తెరిచిన అటల్ టన్నెల్ 9.02 కిలోమీటర్లు. లోపల మంచుండదు, పొడి రోడ్డు. చైనుతో దూరితే 30లో పద్దెనిమిది నిమిషాలు గరగరలాడుతూ పోవాలి, మధ్యలో ఆపి విప్పే వీలు లేదు. అందుకే టన్నెల్ నోటి దగ్గర పోలీసుల్ని అడిగి, అవతలి ఒడ్డున మంచు ఎంతుందో కనుక్కుని, అక్కర్లేకపోతే ముందే విప్పెయ్యడం మంచిది. అవతల పొడిగా ఉందని విప్పేసి, మళ్లీ వెయ్యడానికి బద్ధకించేవాళ్లు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. పొద్దున కరిగిన నీళ్లు సూర్యుడు కొండ వెనక్కి పోగానే గాజులా గడ్డకడతాయి.

తిరిగొచ్చాక చైన్లని మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, నూనె గుడ్డతో తుడిచి పెట్టాలి. రోడ్డు మీద చల్లిన ఉప్పు తోడైతే కృష్ణ ఒడ్డు తేమకి రెండు నెలల్లో తుప్పు పట్టి బిగింపు తాళం తిరగదు.

సాయంత్రం కాలిఫోర్నియా నుంచి మేనల్లుడు ఫోను. టాహో సరస్సు దగ్గర మంచు కొండలకి పోతారట, ఫోర్ వీల్ డ్రైవు కారు అద్దెకి తీసుకున్నాడు, "చైన్లెందుకు మావయ్యా" అన్నాడు. అక్కడ చైన్ల నిబంధనకి ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు మెట్లు. ఆర్2లో ఫోర్ వీల్ బండికి నాలుగూ మంచు టైర్లుంటే చైను వెయ్యక్కర్లేదు, కానీ బండిలో ఉండి తీరాలి. ఆర్3లో ఎవరికీ మినహాయింపు లేదు. అద్దె కార్లకి చైను కట్టొద్దని ఒప్పందంలోనే రాసే కంపెనీలున్నాయి. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క పేరా చదవమన్నాను.

ఎర్టిగా ఇంకా షెడ్డులోనే ఉంది. బానెట్ తెరిస్తే రేడియేటరులో వట్టి పంపు నీళ్లే. మైనస్ పదికి ఆ నీళ్లు గడ్డకట్టి ఇంజను బ్లాకునే పగలగొడతాయి. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపితే మైనస్ 35 దాకా దిగులుండదు. రేపు పొద్దున పాత నీళ్లు పూర్తిగా దింపి, ఫ్లష్ చేసి, అదీ వెనక టైర్లూ మార్చి పంపాలి.